పప్పు, కండ, క్రొవ్వు – తార్నాక పరిశోధనల కథ

నల్లకుంటలో ఏ కిరాణా కొట్టు ముందు నిలబడినా కందిపప్పు, పెసరపప్పు, మినప్పప్పు, శనగలు, పుట్నాలు, బబ్బెర్లు, ఉలవలు వరుసగా కనబడతాయి. అక్కడి నుండి విద్యానగర్, అడిక్‌మెట్ దాటి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణలో ప్రవేశించి, ఆర్ట్స్ కళాశాల మీదుగా సాగిపోతే తార్నాక వస్తుంది. ఆ ఆవరణను ఆనుకొనియే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. కొట్టులో కొన్న పప్పు మన ఒంటిలో ఏమవుతున్నది? కండ అవుతున్నదా, క్రొవ్వు అవుతున్నదా, లేక పొయ్యిలో కట్టె వలె కాలిపోతున్నదా? ఈ ప్రశ్నకు జవాబు వెదకిన వారిలో ఈ సంస్థ శాస్త్రజ్ఞులు ముఖ్యులు.

పప్పు తింటే కండ పడుతుందని మన పెద్దలు అంటారు. ఆ మాట అబద్ధం కాదు. కాని అది ఎప్పుడు నిజమవుతుంది, ఎప్పుడు కాదు అన్న సంగతి తేలడానికి చాలా కాలం పట్టినది. మధ్యలో ప్రపంచమంతా ఒక పెద్ద పొరపాటు కూడ పడినది. ఆ పొరపాటును దిద్దడంలో తార్నాకకు చెప్పుకోదగిన భాగం ఉన్నది. ఆ కథనే ఇక్కడ చెప్పుకొందాం.

బరువు వేరు, పాళ్ళు వేరు

ముందుగా ఒక చిన్న విషయం గ్రహించాలి. ఇద్దరు మనుషులు ఒకే ఎత్తు, ఒకే 60 కిలోల బరువు ఉన్నారనుకొందాం. ఒకడు పొలంలో నాగలి పట్టేవాడు. రెండవవాడు కుర్చీలో కూర్చుండి లెక్కలు వ్రాసేవాడు. త్రాసుకు ఇద్దరూ ఒకటే. కాని మొదటివానిలో కండరాల పాలు ఎక్కువ, రెండవవానిలో క్రొవ్వు పాలు ఎక్కువ కావచ్చును. శరీరంలో నీరు, ఎముక, కండ, క్రొవ్వు ఏయే పాళ్ళలో ఉన్నవో చెప్పేదే దేహసంఘటన. ఆరోగ్యం బరువు మీద కంటె ఈ పాళ్ళ మీదనే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

బ్రతికి ఉన్న మనిషిలో ఈ పాళ్ళను కొలవడం ఎట్లా? 1942లో అమెరికా నౌకాదళంలో ఆల్బర్ట్ బెన్కే అనే వైద్యుడు మన పాఠ్యపుస్తకాలలోని ఆర్కిమిడీస్ సూత్రాన్నే ఇందుకు వాడుకొన్నాడు. క్రొవ్వు నీటి కంటె తేలిక. కండ, ఎముక నీటి కంటె బరువు. కనుక మనిషిని గాలిలో ఒకసారి, నీటిలో ముంచి ఒకసారి తూచితే అతని సాంద్రత తెలుస్తుంది. దానినిబట్టి క్రొవ్వు ఎంతో లెక్క కట్టవచ్చును. నేడు రెండు రకాల శక్తి గల ఎక్స్‌కిరణాలను ఒంటి గుండా పంపి ఎముక, కండ, క్రొవ్వులను విడివిడిగా లెక్కించే యంత్రాలు వచ్చినవి. అటువంటి యంత్రం తార్నాకకు కూడ వచ్చినది. దాని సంగతి తరువాత చెప్పుకొందాం.

కూనూరు నుండి తార్నాకకు

ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆరంభమైన 1918వ సంవత్సరంలోనే నీలగిరి కొండలలోని కూనూరులో ఒక చిన్న గదిలో బెరిబెరి వ్యాధిని గురించి విచారణ మొదలయినది. దానిని నడిపినవాడు రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు. ఆ విచారణ పెరిగి 1928 నాటికి పోషకాహార పరిశోధనశాల అయినది.

మెక్‌కారిసన్ చేసిన ఒక ప్రయోగం నేటికీ పాఠంగా చెప్పదగినది. మన దేశంలోని వివిధ ప్రాంతాల వారి భోజనాలను ఎలుకలకు గుంపులు గుంపులుగా పెట్టి, వాటి పెరుగుదలను తూచినాడు. పంజాబు సిక్కుల భోజనం తిన్న ఎలుకలు అన్నింటి కంటె బాగా పెరిగినవి. మద్రాసు ప్రాంతపు భోజనం తిన్నవి అన్నింటి కంటె వెనుకబడినవి. ఇక్కడ ఒక విషయం గమనించాలి. దక్షిణాది భోజనంలో పప్పు లేకపోలేదు. సిక్కుల భోజనంలో దానికి తోడు పొట్టు తీయని గోధుమ, పాలు, వెన్న పుష్కలంగా ఉన్నవి. ఇక్కడ మరపట్టి కడిగిన తెల్లబియ్యం, చాలీచాలని మజ్జిగ. అనగా పప్పు ఒక్కటే ఒంటిని నిర్మించదు, దాని ప్రక్కన ఉన్న పదార్థాలనుబట్టి దాని విలువ మారుతుందని ఆనాటి ఎలుకలే సూచించినవి. ఆ సూచన అర్థం కావడానికి ఇంకా నలభై ఏండ్లు పట్టినది.

మెక్‌కారిసన్ పిమ్మట 1935లో ఏక్‌రాయిడ్ ఆ పరిశోధనశాల అధిపతి అయినాడు. మన తిండి గింజలు, పప్పులు, కూరలలో ఏ పోషకం ఎంత ఉన్నదో కూనూరులో విశ్లేషించి 1937లో పట్టికలుగా ప్రకటించారు. కందిపప్పులో నూటికి సుమారు 22 పాళ్ళు మాంసకృత్తులు ఉన్నవని, బియ్యంలో 7, 8 పాళ్ళేనని నేడు ప్రతి విద్యార్థీ చెప్పగలుగుతున్నాడంటే అది ఆ పట్టికల చలువ. ఆ కాలపు సమతులాహార పట్టికలలో పప్పుకు రోజుకు 3 ఔన్సులు కేటాయించారు. ఈ అంకెను గుర్తు పెట్టుకొనవలెను. చివరకు మళ్ళీ దానితో పని పడుతుంది.

1958లో ఈ పరిశోధనశాల కూనూరు విడిచి హైదరాబాదుకు, తార్నాకకు వచ్చినది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు వచ్చినది. 1960వ దశకంలో దానిని నడిపిన డాక్టర్ సి. గోపాలన్ 1918లో పుట్టినవాడు. నూరేళ్ళు నిండి 2019లో కన్ను మూసినాడు.

వాపును చూసి బలుపు అనుకొనరాదు

1930వ దశకంలో ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్టులో, అనగా నేటి ఘానాలో, సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు పసిపిల్లలలో ఒక వ్యాధిని గుర్తించింది. కాళ్ళు, ముఖం ఉబ్బుతవి. జుట్టు రంగు మారుతుంది. చర్మం పొరలుగా లేస్తుంది. అక్కడివారి మాటలోనే దానికి క్వాషియార్కర్ అని పేరు పెట్టింది. పాలు మాని మొక్కజొన్న జావ మీద పెరిగే పిల్లలకు ఇది వస్తుండడం చేత మాంసకృత్తుల లోపమే కారణమని వైద్యలోకం భావించినది. ఇంకొక రకపు పిల్లలు వాపు లేకుండా ఎండి, ఎముకల గూడు వలె అవుతారు. దానిని మరాస్మస్ అంటారు.

దేహసంఘటన దృష్టితో చూస్తే ఈ రెండింటి భేదం బాగా తెలుస్తుంది. మరాస్మస్‌లో కండ, క్రొవ్వు రెండూ కరిగిపోయినట్లు పైకే కనబడుతుంది. క్వాషియార్కర్‌లో కండ కరిగినా, ఒంటిలో చేరిన నీరు దానిని కప్పి పుచ్చుతుంది. త్రాసులో బిడ్డ బరువు తగ్గినట్లు అంతగా తెలియదు. చికిత్స మొదలై నీరు దిగగానే బరువు ఇంకా పడిపోతుంది. నిజానికి అప్పుడు బిడ్డ కోలుకొంటున్నట్లు లెక్క. వాపు బలుపు కాదన్న మన సామెతకు ఇంతకంటె శాస్త్రీయమైన ఉదాహరణ లేదు.

ఈ వ్యాధికి పాలపొడియే మందు అని పాశ్చాత్య దేశాల వారు భావిస్తూ ఉండగా, మన పేద ఇండ్లకు పాలపొడి ఎక్కడి నుండి వస్తుంది అన్న ప్రశ్న కూనూరు శాస్త్రజ్ఞులకు తోచినది. వెంకటాచలం, శ్రీకంఠయ్య, గోపాలన్ మొదలైనవారు శాకాహారపు మాంసకృత్తులతో క్వాషియార్కర్‌కు చికిత్స చేసి 1956లో ఫలితాలు ప్రకటించారు. శనగల వంటి మన పప్పుధాన్యాలతో కూడ బిడ్డను కోలుకొనేటట్లు చేయవచ్చునని ఈ త్రోవలో తేలినది. ఇది పప్పుకు దక్కిన మొదటి విజయం.

ప్రపంచం పడిన పొరపాటు

ఈలోగా ప్రపంచమంతటా మరొక ఊపు వచ్చినది. బీదదేశాల పిల్లలకు కావలసినది మాంసకృత్తులే. తిండి ఎంత తిన్నారన్నది కాదు, అందులో మాంసకృత్తులు ఎన్ని ఉన్నవన్నదే ప్రశ్న అని నిపుణులు తేల్చారు. 1955లో ఐక్యరాజ్యసమితి సంస్థల పక్షాన మాంసకృత్తుల సలహా సంఘం ఏర్పడినది. 1968లో రానున్న మాంసకృత్తుల సంక్షోభాన్ని గురించి ఐక్యరాజ్యసమితి నివేదికయే వెలువడినది. చేపల నుండి, నూనెగింజల పిండి నుండి మాంసకృత్తుల పొడులు చేయడానికి పెద్ద పెద్ద పథకాలు వేశారు.

తార్నాక శాస్త్రజ్ఞులు మాత్రం పల్లెలలో పిల్లలు నిజంగా ఏమి తింటున్నారో తూచి చూశారు. క్వాషియార్కర్ వచ్చిన పిల్లల తిండికీ, మరాస్మస్ వచ్చిన పిల్లల తిండికీ చెప్పుకోదగిన భేదం కనబడలేదని గోపాలన్ 1968లో వ్రాసినాడు. ఒకరిది మాంసకృత్తుల కొరత, మరొకరిది శక్తి కొరత అన్న విభజన నిలువలేదు. ఇద్దరికీ కొరవడినది తిండియే. వారి భోజనంలో మాంసకృత్తుల పాలు మరీ తక్కువ కాదు, భోజనమే తక్కువ.

దీనిని పరీక్షించడానికి ఒక ప్రయోగం చేశారు. పల్లెటూళ్ళలోని పసిపిల్లలకు గోధుమపిండి, చక్కెర, నూనెలతో చేసిన ఒక తినుబండారాన్ని 14 నెలల పాటు రోజూ ఇచ్చారు. దానిలో 310 కేలరీల శక్తి ఉన్నది. మాంసకృత్తులు మాత్రం 3 గ్రాములే. మాంసకృత్తుల లోపమే అసలు లోపమైతే దీనివల్ల లాభం ఉండకూడదు. కాని ఆ పిల్లలు తోటివారి కంటె ఎత్తులోను, బరువులోను స్పష్టంగా ముందుకు పోయినారు. 1973లో ఈ ఫలితం ప్రకటితమయినది. గణాంక శాస్త్రవేత్త సుఖాత్మే కూడ లెక్కల త్రోవలో ఇదే విషయానికి చేరుకొన్నాడు. 1974లో డొనాల్డ్ మెక్‌లారెన్ అనే శాస్త్రజ్ఞుడు లాన్సెట్ పత్రికలో మాంసకృత్తుల ఉద్యమమంతా ఒక పెద్ద విఫల ప్రయత్నమని నిష్కర్షగా వ్రాసినాడు.

దూలాలు పొయ్యిలో పెట్టిన ఇల్లు

చక్కెర, నూనె తింటే కండ పెరగడం ఎట్లా సాధ్యం? ఇది విద్యార్థులు బాగా అర్థం చేసుకొనవలసిన విషయం.

ఇల్లు కట్టుకొనేవాడు దూలాలు కొని తెచ్చుకొన్నాడు. కాని వంటకు కట్టెలు లేవు. ఆకలి ఆగదు కదా. వాడు ఆ దూలాలనే నరికి పొయ్యిలో పెడతాడు. ఇల్లు లేవదు. వానికి ఇంకొన్ని దూలాలు దానం చేస్తే ఏమవుతుంది? అవి కూడ చాలావరకు పొయ్యిలోకే పోతాయి. వానికి ముందు కట్టెలు ఇవ్వాలి.

మన ఒంటిలో మాంసకృత్తులు దూలాలు. పిండిపదార్థాలు, క్రొవ్వులు కట్టెలు. తిన్న పప్పు జీర్ణమై అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. శరీరానికి శక్తి చాలినంత ఉంటే అవి కండరాలలో, ఇతర కణజాలంలో మాంసకృత్తులుగా మళ్ళీ కూర్చబడతాయి. శక్తి చాలకపోతే కాలేయం వాటిలోని నత్రజనిని విడదీసి యూరియాగా మార్చి మూత్రం ద్వారా పంపివేస్తుంది. మిగిలిన భాగాన్ని శరీరం ఇంధనంగా కాల్చుకొంటుంది. ఆకలితో ఉన్న బిడ్డ తిన్న ఖరీదైన మాంసకృత్తుల పొడికి చాలావరకు ఇదే గతి.

అట్లని పప్పు అక్కరలేదనుకోవడం మరొక పొరపాటు. కట్టెలు ఎన్ని ఉన్నా దూలాలు లేనిదే ఇల్లు లేవదు. అందులోను ధాన్యపు మాంసకృత్తులలో లైసీన్ అనే అమైనో ఆమ్లం తక్కువ; పప్పులలో అది సమృద్ధిగా ఉన్నది. పప్పులలో మెథియోనిన్ తక్కువ; ధాన్యాలలో దానికి కొదవ లేదు. పప్పన్నం, ఖిచిడీ, ఇడ్లీ, పెసరట్టు – ఒకదాని లోటు మరొకటి తీర్చుకొనే జంటలు. వండడం కూడ ముఖ్యమే. పచ్చి సోయా గింజలు తిన్న ఎలుకలు సరిగా పెరగవని, ఉడికిస్తే పెరుగుతాయని ఆస్‌బోర్న్, మెండెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1917లోనే చూపారు. పచ్చి గింజలలో జీర్ణరసాలను అడ్డే పదార్థాలు ఉంటాయి. ఉడికినప్పుడు అవి చాలావరకు నశిస్తాయి.

ఈ జ్ఞానమంతా ఒక్క పొట్లంలో ఇమిడినది హైదరాబాదు మిశ్రమం. వేయించిన గోధుమలు 40 గ్రాములు, పుట్నాలు 16, పల్లీలు 10, బెల్లం 20 – ఇవి కలిపి దంచిన 86 గ్రాములలో సుమారు 330 కేలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. దూలాలూ ఉన్నవి, కట్టెలూ ఉన్నవి. ఏ పల్లె తల్లి అయినా ఇంటిలో చేసుకొనగలది.

ఉప్మా తిన్న పిల్లలు

తిండి చాలని పిల్లలకు ధాన్యం, పప్పుజాతి గింజ కలిపి పెడితే వారి దేహసంఘటన మారుతుందా? ఈ ప్రశ్నకు మన పల్లెలలోనే జవాబు దొరికినది.

1987 నుండి 1990 వరకు హైదరాబాదు సమీపంలోని 29 పల్లెలలో జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశీలన జరిపినది. అప్పుడు అంగన్‌వాడీల పథకం ఒక్కొక్క ప్రాంతానికి విస్తరిస్తున్నది. 15 పల్లెలలో అది మొదలయినది. 14 పల్లెలకు ఇంకా రాలేదు. మొదలైన పల్లెలలో గర్భిణులకు, ఆరేండ్ల లోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో, సోయా నూనెతో చేసిన ఉప్మా పెట్టారు. సోయా కూడ చిక్కుడు కుటుంబపు గింజయే.

పరిశీలన ముగిసిన చాలా ఏండ్లకు, 2003–2005లో, ఆ పిల్లలను మళ్ళీ వెదకి పట్టుకొన్నారు. అప్పటికి వారికి 13 నుండి 18 ఏండ్ల వయస్సు. 1165 మందిని పరీక్షించారు. సంజయ్ కిన్రా, ఆయన సహచరులు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిన ఫలితాలు ఇవి: ఉప్మా అందిన పల్లెల వారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ. వారి శరీరంలో ఇన్సులిన్ మెరుగుగా పని చేస్తున్నది. రక్తనాళాల బిరుసు కొంత తక్కువ. కాని కండ, క్రొవ్వుల పాళ్ళలో మాత్రం రెండు గుంపుల మధ్య భేదం లేదు.

తరువాత వారు 18–23 ఏండ్ల యువకులైన పిమ్మట, ఇంతకు ముందు చెప్పిన ఎక్స్‌కిరణాల యంత్రంతో కండను కొలిచారు. చేతి పట్టు బలాన్ని కూడ చూశారు. 2014లో ప్రకటించిన ఆ ఫలితంలోను చిన్ననాటి ఉప్మా వల్ల కండలో భేదం కనబడలేదు.

కొందరికి ఇది నిరాశ కలిగించవచ్చును. నిజానికి ఇందులో గొప్ప పాఠం ఉన్నది. చిన్ననాటి ఆహారం ఎముక పొడవును, అవయవాల పనిని తీర్చిదిద్దుతుంది. ఆ మేలు పెద్దయ్యాక కూడ నిలిచి ఉంటుంది. కండ అట్లా కాదు. అది బ్యాంకులో వేసి మరచిపోయే సొమ్ము కాదు. ఏ రోజుకు ఆ రోజు తిండితోను, శ్రమతోను నిలుపుకొనవలసినది. వాడని కండ, పప్పు ఎంత తిన్నా, నిలువదు. మరొక హెచ్చరిక కూడ చేయాలి. ఈ పల్లెలను చీట్లు వేసి ఎంపిక చేయలేదు. పథకం వచ్చిన క్రమాన్నిబట్టి గుంపులు ఏర్పడినవి. కనుక ఫలితాలను ఆ మేరకే తీసుకొనవలెను.

తిండికి కొదవ లేని ఇంటిలో

ఇక నగరపు ఇండ్ల సంగతి. ఇక్కడ కట్టెలు తక్కువ కాదు, ఎక్కువ. మన వారి శరీరాలకు ఇంకొక ప్రత్యేకత ఉన్నది. పూణె ప్రాంతపు పల్లెలలో పుట్టిన శిశువులను ఇంగ్లాండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చి డాక్టర్ యాజ్ఞిక్ 2003లో చూపినాడు: మన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, వారివి 3.5 కిలోలు. మన శిశువులలో తగ్గినది ముఖ్యంగా కండ, ఇతర అవయవాలు; చర్మం క్రింది క్రొవ్వు అంతగా తగ్గలేదు. పైకి సన్నం, లోపల క్రొవ్వు. పెద్దవారిలో కూడ అదే బరువుకు మనలో క్రొవ్వు పాలు ఎక్కువని అనేక పరిశోధనలలో తేలినది. మధుమేహం మనలో ముందుగా రావడానికి ఇది ఒక కారణం.

ఇటువంటి శరీరానికి పప్పు మరొక విధంగా ఉపకరిస్తుంది. 1981లో డేవిడ్ జెంకిన్స్, ఆయన సహచరులు తిన్న పిమ్మట రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందన్న దానినిబట్టి ఆహారాలకు సూచికలు ఇచ్చారు. పప్పుధాన్యాలు దానిలో అట్టడుగున నిలిచినవి. వాటిలోని పీచు, మాంసకృత్తులు కడుపు నిండిన తృప్తిని ఎక్కువ సేపు నిలుపుతాయి. 2016లో 21 ప్రయోగాలను, 940 మందిని కలిపి లెక్క చూస్తే, రోజుకు ఒక కప్పుకు లోపుగా ఉడికిన పప్పుధాన్యాలు తిన్నవారు సుమారు ఆరు వారాలలో మూడవ వంతు కిలో బరువు తగ్గినట్లు తేలినది. ఇది చిన్న అంకె. పప్పు తిని పది కిలోలు తగ్గవచ్చునని ఎవరైనా చెబితే నమ్మరాదు. కాని కంచంలో అన్నం కొంత తగ్గించి, ఆ స్థానంలో పప్పు పెంచితే త్రాసు ముల్లు సరైన వైపుకే కదులుతుంది. అన్నం అంతే ఉంచి పైన పప్పు, దానిపైన నెయ్యి పోసుకొంటే ఈ లాభం ఉండదు.

మూడు ఔన్సుల లెక్క

2024లో జాతీయ పోషకాహార సంస్థ భారతీయులకు ఆహార సూచనలు ప్రకటించినది. రోజుకు 2000 కేలరీల కంచంలో ధాన్యాలు 250 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, పప్పులు – మాంసాహారులకు కొంత గుడ్డు, మాంసాలతో కలిపి – 85 గ్రాములు అని చెప్పినది. 85 గ్రాములంటే ఎంత? సరిగా 3 ఔన్సులు. కూనూరు కాలపు అంకె తొంభై ఏండ్లకు దాదాపు మార్పు లేకుండా తిరిగి వచ్చినది.

లెక్క వేసి చూద్దాం. 60 కిలోల మనిషికి, కిలోకు 0.83 గ్రాముల చొప్పున, రోజుకు 50 గ్రాముల మాంసకృత్తులు కావలెను. 250 గ్రాముల ధాన్యంలో సుమారు 22, 85 గ్రాముల పప్పులో సుమారు 19, పాలలో సుమారు 9. మొత్తం 50. ఏ పొడి డబ్బా కొనకుండానే లెక్క సరిపోయినది.

కాని మన కంచంలో నిజంగా 85 గ్రాములు పడుతున్నదా? 1972లో తార్నాకలో ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం వారు దశాబ్దాల పాటు పల్లె ఇండ్లలో తిండిని తూచి, పప్పు కావలసిన దాని కంటె బాగా తక్కువగానే ఉన్నదని మరల మరల చెప్పారు. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చక్కని అభ్యాసంగా చేయించవచ్చును. ప్రతి విద్యార్థి తన ఇంటిలో నెలకు ఎన్ని కిలోల పప్పులు కొంటారో అమ్మను అడిగి, దానిని 30 రోజులతోను, ఇంటిలోని మనుషుల సంఖ్యతోను భాగించాలి. ఐదుగురు ఉన్న ఇంటిలో నెలకు 3 కిలోలు కొంటే మనిషికి రోజుకు వచ్చేది 20 గ్రాములే. 85 గ్రాములు రావాలంటే 12 కిలోలకు పైగా కావలెను.

పలుచని పప్పుచారు గిన్నె నిండుగా కనబడుతుంది; దానిలో పప్పు ఎంత ఉన్నదో ఈ భాగహారమే చెబుతుంది. ఆ అంకె నల్లబల్ల మీద వ్రాసి, ప్రక్కన 85 అని వ్రాసి చూడవలెను. ఆ రెండింటి మధ్య ఉన్న దూరమే నేటి మన పోషకాహార సమస్య.